గొర్రెలు వినని కూత

ఉపేందర్ అబద్ధమాడుతున్నాడని లీలావతికి అతని మూడో మాటకే తెలిసిపోయింది. అయినా ఆమె చూపు అతని మాటల మీద కాదు, చేతుల మీద ఉంది. మిర్యాలగూడలో అతని మటన్ దుకాణం వెనకగది అది. నేలంతా పలచటి ఎర్రనీళ్లు. మూల బకెట్లో పేగులు. అతను చేతులు కడుక్కోకుండానే సమోసా తుంచి నోట్లో వేసుకున్నాడు. అవే వేళ్లతో ప్లేటు ఆమె వైపు జరిపాడు.

“తినుండ్రి మేడమ్. గరం గరమున్నయ్.”

“మంగళవారం రెండున్నరకు బీరన్నను కలిసినవ్. ఎందుకు?”

“గొర్ల బేరం మేడమ్. ఇయ్యనన్నడు. సరే అని వచ్చేసిన.”

“ఎంతసేపున్నవ్ గాడ?”

“పది నిమిషాలు గూడ లేను. మూడు ఇరవైకి కోదాడల టైర్ల దుకాణంల ఉన్న. గాడ కెమెరా ఉన్నది. సీఐ సార్ గూడ సూసిండు.”

అది నిజమే. ఆ కెమెరా రికార్డు లీలావతి పొద్దున్నే చూసింది. మంగళవారం మూడు ఇరవైకి ఉపేందర్ తన ట్రాలీ ఆటో దిగాడు. ఐదు నలభై దాకా ఆ బెంచీ మీది నుంచి కదల్లేదు. రెండు గంటల ఇరవై నిమిషాలు ఒక్క టైరు కోసం. మధ్యలో నాలుగుసార్లు కెమెరా వైపే చూశాడు.

చిలుకూరు దగ్గర కాలువ గట్టు మీద గొర్రెలు మేపుకునే బీరన్న అదే రోజు నాలుగు పదికి గొర్రెలను పిలుస్తూ కూత వేశాడు. పక్క చేనులో ఉన్న ధన్‌సింగ్ అనే రైతు విన్నాడు. నాలుగున్నరకు గట్టు కింద రాళ్ల మీద బీరన్న శవాన్ని చూసిందీ అతనే. తల వెనక పగిలింది. నాలుగు పదికీ నాలుగున్నరకూ మధ్య చచ్చిపోయాడని పోలీసుల లెక్క. ఆ ఇరవై నిమిషాలూ ఉపేందర్ కోదాడలో, కెమెరా ముందు.

“మరి బీరన్న ఎట్ల సచ్చిపోయిండంటవ్?”

“ఎట్లేంది మేడమ్, పొట్టేలు! అది మస్తు తిక్కది. ఆ దినం బీరన్న భుజం మీద కొత్త ఎర్ర తువ్వాల ఉండె. అన్నా, ఎర్రది సూస్తె పొట్టేలు ఊకోదే, తీసెయ్ అని ఎంత చెప్పిన! ఇనలే. ఎన్కకెళ్లి గుద్దింది. రాళ్లమీద పడ్డడు. మనిషి సల్లటోడు మేడమ్, మా అన్నసొంటోడు.” సమోసా నూనె మూతికి అంటుకునుండగానే కళ్లు తుడుచుకున్నాడు.

లీలావతి పద్నాలుగేళ్లు పోలీసు డాగ్ స్క్వాడ్‌లో కుక్కలను నడిపింది. ఆ ఉద్యోగం వదిలేశాక సూర్యాపేటలో ఓ జిరాక్స్ దుకాణం పైన గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. ఏ జంతువుకు ఏం కనబడుతుందో, ఏం వినబడుతుందో ఆమెకు పుస్తకంలో చదివిన విషయం కాదు, తిండి పెట్టిన విద్య. ఎరుపు చూస్తే పొట్టేలు రెచ్చిపోతుందని మనుషులు అనుకుంటారు. గొర్రె కంటికి ఎరుపూ పచ్చా రెండూ ఒకే మసక. పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్య ఉండి, వాటిని అమ్ముకుని బతికే మనిషికి ఆమాత్రం తెలియదా? అడక్కముందే తువ్వాల సంగతి ఎందుకెత్తినట్టు?

“ఆ ఫ్రీజర్ తెరువు.”

“కరెంటు లేదు మేడమ్. తెరిస్తె మాల్ ఖరాబైతది.”

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. ఆమె ఫ్యాను వైపు చూసింది. అతనూ చూశాడు. అయినా ఫ్రీజర్ ముందు నుంచి కదల్లేదు. సోదా చేసే అధికారం ఆమెకు లేదని అతనికి తెలుసు.

బయటికొచ్చి ట్రాలీ ఆటో వెనక తలుపు దించింది. చెక్కల సందుల్లో తెల్లపొడి. వేలితో రాసి చూసింది. సున్నం.

“ఇదేంది?”

“గోడలకేసినం మేడమ్.”

ఆ గోడలకు సున్నం తగిలి పదేళ్లయినా అయి ఉంటుంది. లీలావతి వేలిని రుమాలుకు తుడిచి, ఆ రుమాలును కవర్లో పెట్టి కట్టేసింది. అప్పుడు టైము పన్నెండున్నర.

ఆ తొందరలో తాను ఒక పొరపాటు చేస్తున్నానని ఆమెకు అప్పుడు తెలియదు.

—

రెండు నలభైకి ఆమె కాలువ గట్టు చేరేసరికి బీరన్న కూతురు రజని గొర్రెల మధ్య నిలబడి ఉంది. సూర్యాపేటలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆ అమ్మాయిది. తండ్రిని మట్టి చేసిన సాయంత్రమే లీలావతి ఆఫీసుకొచ్చి, “మా నాయన్ను పొట్టేలు సంపిందంటున్నరు మేడమ్. ఆ పొట్టేలుకు పాలు పట్టి పెంచింది మా నాయనే” అని కూర్చుంది. ఇవాళ మూడోరోజు దినం. ఇంట్లో చుట్టాలందరూ ఉన్నారు. గొర్రెలు పస్తులుంటాయని పొద్దున్నే తోలుకొచ్చేసింది.

లీలావతి ముందు పొట్టేలును పట్టుకుని చూసింది. మెలి తిరిగిన కొమ్ములు. కుడి కొమ్ము కొస దగ్గర ఎండిన నెత్తురు. కొస దగ్గర మాత్రమే. కొమ్ము మొదట్లో గాని, నుదుటి మీద గాని చుక్క లేదు.

“రజనీ, పొట్టేలు దేంతో గుద్దుతది?”

“నెత్తితోని. కొమ్ము మొదలుతోని.”

“కొస?”

రజని దాని మొహంలోకి చూసింది. మెలి తిరిగిన కొమ్ము కొస పొట్టేలు చెంప పక్కన ఉంది. దాంతో మనిషిని కాదు, గోడను కూడా అది తాకలేదు. “ఎవరో పూసిండ్రు,” అంది. మొహం పక్కకు తిప్పుకుంది. తండ్రి నెత్తురు.

ధన్‌సింగ్ తన పెసర చేనులోంచి వచ్చాడు. నాలుగు సాళ్లు మొదలంటా మేసేసి ఉన్నాయి.

“మంగళవారం కూత ఇన్న టైము నీకెట్ల తెలుసు?” అని అడిగింది లీలావతి.

“మోటరు బంద్ చేసి ఫోన్ల టైము సూసిన మేడమ్. నాలుగు పది. అప్పుడే కూత వినొచ్చింది. బీరన్నదే. గా గొంతు నాకు ముప్పై ఏండ్లాయె.”

“మనిషిని చూసినవా?”

“లే. తుమ్మలు అడ్డమున్నయి గదా. గొర్లేమో నా చేన్ల పడి మేస్తున్నయ్. బీరన్న పిలుస్తుండు గదా, పోతయ్‌లే అనుకున్న. పోలే! ఒక్కటన్న తల లేపలే. నాకు కోపమొచ్చి కట్టె పట్టుకుని ఉరికిన.”

“ఇంతకుముందు ఎప్పుడన్న గట్ల అయిందా?”

“ఎన్నడు లేదమ్మా. బీరన్న ఒక్క కూతేస్తె నోట్ల గడ్డి వదిలేసి ఉరికేటియి.”

“ఎన్నిసార్లు కూసిండు?”

“నాలుగైదుసార్లు. కూత, నడుమ దగ్గు, మళ్ల కూత. మళ్ల గదే దగ్గు. పాపం పానం బాగలేదనుకున్న.”

రజని గిర్రున తిరిగింది. “దగ్గా? నాయనకు దగ్గు తగ్గి రెండు నెలలాయె. నేనే సూర్యాపేట దవాఖానకు తీస్కపోయి సూపించిన. వానలల్ల ఉండె గానీ ఇప్పుడు లేదు.”

లీలావతి మంద వైపు తిరిగింది.

“రజనీ, మీ నాయన కూత నీకొస్తదా?”

ఆ అమ్మాయి గొంతు సవరించుకుని పెద్దగా కూసింది. చెట్ల కింద చెదిరి ఉన్న గొర్రెలన్నీ తలలెత్తాయి. ముందు చెవులు తిరిగాయి, తర్వాత కళ్లు. గొంతు ఎవరిదో, మనిషి ఎక్కడుందో సరిచూసుకుని పరుగెత్తుకొచ్చాయి.

“నీ కూత మీ నాయన కూత లెక్క లేదు,” అంది లీలావతి. “అయినా వచ్చినయ్. ఎందుకంటే నువ్వెవరో వాటికి ఎరుకే. మనిషి మొహం గొర్రె రెండేండ్లయినా మరువదు. గొంతు గూడ అంతే. మరి మంగళవారం ధన్‌సింగుకు బీరన్న గొంతు లెక్క వినబడ్డది, వీటికెందుకు వినబడలే?”

రజని తుమ్మల వైపు చూసింది. “అది నాయన కాదు.”

“నాయన గొంతే. కానీ ఫోన్‌లోది. ఫోన్లకెళ్లి వచ్చే గొంతుల మనకు మాటలు, రాగం ఉంటే సాలు, మనిషనుకుంటం. గొర్రె చెవి మనకన్న సన్నటి చప్పుళ్లను గూడ పడతది. అవి ఫోన్‌ల రావు. వాటికి అదొక రొద. గంతే. ఆ దగ్గుండంగ మీ నాయన కూతను ఎవరన్న రికార్డు చేసిండ్రా?”

“ఉపేందర్ చేసిండు,” అంది రజని వెంటనే. “శ్రావణంల. గొర్లకు గిరాకి తెస్త అని వీడియో తీసి స్టేటస్ పెట్టుకుండు.”

అంటే బీరన్న నాలుగు పదికి బతికి లేడు. మూడింటికే పోయాడు. ఆ తర్వాతే ఉపేందర్ కోదాడ కెమెరా ముందు కూర్చున్నాడు.

“ఎందుకు సంపిండు మేడమ్? గొర్లియ్యనన్నందుకా?”

“మొన్న ఆదివారం నాలుగు గొర్రెలు సచ్చినయని నిన్న చెప్పినవ్ గదా, వాటిని యాడ పాతిండు మీ నాయన?”

తుమ్మల వెనక ఉందా గుంత. ఆదివారం పొద్దున నాలుగు గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే పడిపోయాయి. ముక్కుల్లోంచి గడ్డ కట్టని నల్లనెత్తురు కారింది. పశువుల దవాఖాన మనిషి వచ్చి చూసి, దొమ్మ రోగంలా, అంటే ఆంత్రాక్స్‌లా ఉంది, చర్మం కూడా ఒలవొద్దు, ఆరడుగుల లోతు తవ్వి సున్నం పోసి పాతండి, చిన్న గాటు ఉన్నా మనుషులకూ అంటుతుంది అని చెప్పి మిగతా మందకు టీకాలు వేసిపోయాడు. బీరన్న అట్లాగే పాతి, పైన ముళ్లకంప కప్పాడు.

ఇరవై అడుగుల దూరంలోనే లీలావతి ఆగిపోయింది. పద్నాలుగేళ్లలో ఆమె చాలా శవాలను చూసింది. ఇలాంటి కంపు ఎరగదు. చున్నీని ముక్కుకు బిగించి, రజనిని వెనకే ఆపి, గాలికి ఎదురుగా కాకుండా చుట్టూ తిరిగి చూసింది.

గుంత తవ్వేసి ఉంది. సున్నం చుట్టూ చెదిరింది. లోపల నాలుగు తలలు, కాళ్లు, ఉబ్బిన పేగులు. వాటి మీద ఈగల ముసురు. గొర్రెల ఒళ్లు లేవు.

పాతిపెట్టిన గొర్రెలను తవ్వుకుపోయాడు. రోగంతో చచ్చినవాటిని. మాంసానికి.

ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి వాంతి చేసుకుంది. రజని నీళ్ల సీసా ఇవ్వబోతే వద్దంది. ఆ మిర్యాలగూడ గదిలో సమోసా నమిలిన నోరు కళ్లముందు కదిలింది. ట్రాలీలో సున్నం. తెరవని ఫ్రీజర్. మంగళవారం బీరన్న ఈ గుంతను చూశాడు, వచ్చినవాణ్ని నిలదీశాడు. అంతే జరిగింది.

మూడు గంటలకు ఆమె సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తిరుమలేష్‌కు ఫోన్ చేసింది. వాంగ్మూలం కోసం పిలిపించిన ఉపేందర్ అప్పటికే అతని ముందే కూర్చుని ఉన్నాడు.

—

తిరుమలేష్ మూడు నలభైకి జీపులో దిగాడు. వెనకే ఒక కానిస్టేబుల్, ఆ వెనక ఉపేందర్. ఒకప్పుడు లీలావతి కుక్క పట్టిన దొంగ పక్కన నిలబడి, తానే పట్టానని పేపరుకు ఫోటో ఇచ్చిన మనిషి తిరుమలేష్. అప్పటినుంచీ ఇద్దరికీ పడదు.

“మీరడిగినట్టే మిర్యాలగూడ పోలీసులతోని ఫ్రీజర్ తెరిపిచ్చిన లీలావతిగారూ. ఖాళీ! కడిగి తుడిచి అద్దం లెక్కున్నదట. ఇగ చెప్పుండ్రి, ఏం చేద్దాం?”

లీలావతి ఉపేందర్ వైపు తిరిగింది. పన్నెండున్నరకు తాను వచ్చేశాక ఖాళీ చేశాడు. ఎక్కడికి?

“గుంతను చూడుండ్రి ముందు.”

“నక్కలు తవ్వినయేమో.”

“నక్కలు తలలు ఇడిసిపెట్టి తోలు ఒలుచుకపోతయా?”

“యాక్సిడెంట్ కేసు మేడమ్ ఇది. మీరు ఖూనీ చేస్తున్నరు. సచ్చిన టైము ఉంది, ఇన్న సాక్షి ఉండు, పొట్టేలు కొమ్ముకు నెత్తురుంది. ఉపేందరుకు కోదాడ కెమెరా ఉంది. ఇంకేం గావాలె?”

“కొమ్ము కొసకు నెత్తురుంది. ఆ కొసతో గుద్ది చూపియమనండి ఆ పొట్టేలును. నౌకరీ ఇడిసిపెడత అంటే నాకు నౌకరే లేదు. ఆఫీసు మూసేస్త.”

కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. తిరుమలేష్ పొట్టేలు కొమ్మును చూశాడు. రెండోసారి కూడా చూశాడు.

ఉపేందర్ ముందుకొచ్చాడు. “సార్, నేను నాలుగింటికి పోవాలె. దుకాణంల ఎవరు లేరు...”

అతని నోట్లోంచి మాట రాగానే మందంతా ఒక్కసారి గిరుక్కున తిరిగింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయి రజని కాళ్లను చుట్టుముట్టాయి. పిల్లలు తల్లుల పొట్టల కిందికి దూరాయి.

“సూసిండ్రా?” అంది లీలావతి. “ఇంతసేపు మీరు మాట్లాడిండ్రు, నేను మాట్లాడిన. అవి మేసుకుంట ఉన్నయ్. ఉపేందర్, జీపు ఎనుకకు పో. కనబడకుండ. గాన్నుంచి మాట్లాడు.”

“ఏం మాట్లాడాలె?”

“మా అన్నసొంటోడు అన్నవు గదా. అదే మళ్ల అను.”

తిరుమలేష్ విసుగ్గా చెయ్యి ఊపాడు. ఉపేందర్ జీపు వెనక్కి పోయి గొణిగాడు. మనిషి కనబడకున్నా గొర్రెలు ఇంకా దూరం జరిగాయి. గొంతు వచ్చిన వైపే చూస్తూ, ఆ మొహం ఎప్పుడు బయటికొస్తుందా అని బిగుసుకుపోయి నిలబడ్డాయి.

“మంగళవారం ఇవి ఈ మనిషిని చూసినయ్. ఏం చేసిండో చూసినయ్. మొహం, గొంతు రెండు కలిపి యాదిపెట్టుకున్నయ్,” అంది లీలావతి.

“అయితే గొర్లకు సమన్లు పంపుదామా? కోర్టుల బోనెక్కిద్దామా?” తిరుమలేష్ పగలబడి నవ్వాడు. “మేడమ్, కుక్కలతోని తిరిగి తిరిగి మీకు మనుషుల మీద నమ్మకం పోయింది.”

“మనుషులను చూసి పోయింది. కుక్కలతోని తిరిగి కాదు. గొర్రె సాక్ష్యం కోర్టుల నిలవదని నాకు తెలుసు. పావుగంట ఆగుండ్రి.”

“ఎందుకు?”

“మంగళవారం నాలుగు పదికి బీరన్న గొంతు ఫోన్ల మోగింది. ఉపేందర్ కోదాడల ఉండు. అంటే ఫోను ఈడ పెట్టిపోయిండు, టైముకు మోగేటట్టు అలారం లెక్క పెట్టి. మంగళవారం రాత్రంత ఈడ జనముండ్రి. నిన్న పోస్ట్‌మార్టం, మట్టి. ఊరంత గాడనే ఉండె, ఇతను గూడ మీ పక్కనే నిలబడ్డడు. ఇయ్యాల పొద్దుగాల నేను పట్టుకున్న, తర్వాత మీరు పట్టుకున్నరు. తీసుకునే సందు దొరకలే. రోజు మోగే అలారమైతే ఇయ్యాల గూడ మోగుతది.”

“రోజు మోగకపోతే?”

“ఇతను నాలుగింటికే పోవాలని ఎందుకంటుండో అప్పుడు మీరే అడుగుండ్రి.”

ఉపేందర్ గడియారం చూసుకున్నాడు. నాలుగు రెండు. “సార్, ఒంటికి పోయొస్త,” అంటూ తుమ్మల వైపు కదిలాడు. సరిగ్గా ఆ గుంత వైపే. ఆ కంపును తప్పించుకుని ఇటు ఇంత ఖాళీ ఉండగా.

“గిటు పో,” అన్నాడు తిరుమలేష్. ఆ గొంతులో నవ్వు లేదు. కానిస్టేబుల్ ఉపేందర్ మోచెయ్యి పట్టుకున్నాడు.

నాలుగు ఐదు. ధన్‌సింగ్ గట్టుమీద కూర్చుని బీడీ ముట్టించి, మర్చిపోయి చేతిలోనే ఆరిపోనిచ్చాడు. నాలుగు ఏడు. ఉపేందర్ మెడ మీద చెమట కాలర్ దాకా దిగింది. నాలుగు తొమ్మిది. తిరుమలేష్ సెల్‌ఫోన్ తీసి టైము చూసి, చేతిలోనే పట్టుకున్నాడు.

నాలుగు పదికి, తుమ్మల వెనక నుంచి బీరన్న పిలిచాడు.

రజని “నాయనా!” అని కేక పెట్టి అటు ఉరికింది. లీలావతి నడుం పట్టుకుని ఆపింది. కూత. దగ్గు. మళ్లీ కూత. మళ్లీ అదే దగ్గు. బతికున్న మనిషి మందను ఇంటికి పిలిచే పిలుపు. ధన్‌సింగ్ చేతులెత్తి దండం పెట్టాడు. కానిస్టేబుల్ మొహం పాలిపోయింది.

గొర్రెలు మాత్రం తలలెత్తలేదు. గడ్డి కొరుక్కుంటూనే ఉన్నాయి.

తిరుమలేష్ కర్చీఫ్ ముక్కుకు కట్టుకుని గుంత అంచుకు నడిచాడు. “చేతులు పెట్టొద్దు!” అని అరిచింది లీలావతి. కానిస్టేబుల్ పొడుగు కట్టెతో పేగుల కుప్పను పక్కకు తోశాడు. కింద అడ్డంగా పడుకోబెట్టిన నూనె డబ్బా. మూతి పెసర చేను వైపు. డబ్బాలో పాలిథిన్ కవర్, కవర్లో సెల్‌ఫోన్. బీరన్న గొంతు డబ్బాలోంచి గంట మోగినట్టు మోగుతోంది. ఎవరూ వాసన భరించలేని చోటును, ఎవరూ వెతకని చోటును ఎంచుకున్నాడు ఉపేందర్.

తిరుమలేష్ వెనక్కి వచ్చి ఉపేందర్ చెంప పగలగొట్టాడు. ఒక్కటే దెబ్బ. తర్వాత లీలావతి మొహంలోకి చూడకుండా, “సారీ మేడమ్,” అన్నాడు.

“తర్వాత చెప్పుండ్రి. ఇప్పుడు అడగాల్సింది వేరే ఉంది.” ఆమె ఉపేందర్ ఎదురుగా నిలబడింది. “ఫ్రీజర్ల మాంసం యాడుంది?”

“ఆయన మీదికొచ్చిండు మేడమ్. పోలీసులకు చెప్త అన్నడు. నేను తోసిన, గంతే...”

“అది తర్వాత. మాంసం యాడుంది?”

“నేను అమ్మలే మేడమ్. తల్లిమీద ఒట్టు. మీరొచ్చిపోయినంక భయమైంది. పారేస్తె వాసన పడతరు. కుక్కలు గుంజుకొస్తయ్. ఒక్క పూటల ఖతమయ్యే జాగ గావాలె...” అతని చూపు రజని మీదికి పోయి, నేలమీదికి జారింది. “మూడొద్దుల దినం గదా అని... డ్రైవర్‌తోని వీళ్లింటికే పంపిన. పుణ్యానికి అని చెప్పమన్న.”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమైనాక తిరుమలేష్ కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు, పామును చూసినట్టు. ఎవడి తల పగలగొట్టాడో వాడి దినానికి, వాడు సున్నం పోసి పాతిన గొర్రెలనే కూరకు పంపాడు. లీలావతికి రోత పుట్టింది. ఈసారి తన మీద కూడా. పొద్దున ఆ ఫ్రీజర్ ముందు నుంచి కదలకుండా ఉండాల్సింది. అక్కడే కూర్చుని తిరుమలేష్‌కు ఫోన్ చేయాల్సింది.

రజని ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. నాలుగో రింగుకు తల్లి మైసమ్మ ఎత్తింది.

“అవ్వా! కూర తిన్నరా? ఎవరన్న తిన్నరా?”

“యాడ తింటం బిడ్డా. మీ చిన్నాయన పటాన్‌చెరువు నుంచి ఇప్పుడే వచ్చిండు. సమాధి కాడ ఇస్తరి పెట్టినం. పిట్ట ముడ్తలేదు.” మైసమ్మ గొంతు ఏడ్చి ఏడ్చి కీచుగా ఉంది. “చెట్టుమీద నాలుగు కాకులు కూసున్నయ్. సూస్తున్నయ్, ఒర్లుతున్నయ్, కిందికి దిగుతలెవ్వు. పిట్ట ముట్టంది మేమెట్ల తింటం? మీ నాయన దేనికి అలిగిండో. నీకోసమే సూస్తుండేమో, జల్ది రా బిడ్డా.”

రజని నోటిమీద చెయ్యి పెట్టుకుని కూలబడింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, “ముట్టకపోతే మంచిగయింది అవ్వా. ఎవ్వరు తినొద్దు. ముట్టొద్దు. కూరకాడికి ఎవ్వర్ని పోనియ్యకు. అది దొమ్మతోని సచ్చిన గొర్లది,” అంది.

అవతల ఎవరో కేక వేశారు. గిన్నె బోర్లాపడ్డ చప్పుడు.

లీలావతి ఫోన్ అందుకుంది. “మైసమ్మక్కా, నేను లీలావతిని. పచ్చి మాంసం ఎవరు ముట్టుకున్నరు? కడిగింది, కోసింది ఎవరు? జర యాది చేసుకుని చెప్పు.”

“నేనే అమ్మా. అందరు దుఃఖంల ఉన్నరని నేనే కడిగిన, నేనే కోసిన,” అంది మైసమ్మ. ఆ తర్వాత మెల్లగా, “కత్తిపీట తగిలి వేలుకు జరంత నెత్తురొచ్చింది. పసుపద్దిన. ఎందుకమ్మా?”

లీలావతి ఫోన్ దించకుండానే తిరుమలేష్ వైపు చూసింది. అతను అప్పటికే జీపు స్టార్ట్ చేశాడు.